గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కి కరెంటు: బయటిదీ లోపలిదీ 56 రోజుల్లో ఎలా పూర్తి చేయించుకోవాలి

మా అమ్మకి కరెంటు, అంటే రేడియేషన్, పెడుతుండగా పద్నాలుగో సిట్టింగ్ రోజున బ్లీడింగ్ ఆగిపోయింది. ఆర్నెల్లుగా బట్ట మార్చుకోని పూట లేని మనిషి. ఆ సాయంత్రం అద్దెగదిలో మంచం మీద కూర్చుని, "ఇంక చాల్లేవే, తగ్గిపోయిందిగా, ఊరెళ్లిపోదాం" అంది. నిజం చెప్పాలంటే నా మనసూ ఒక్క క్షణం అటే లాగింది. కానీ వెళ్లలేదు.

మిషన్ బయట బెంచీ మీద రోజూ మా పక్కన కూర్చునే పల్నాడు పెద్దామె మాత్రం వెళ్లిపోయింది. పాతిక సిట్టింగులు అయ్యాయి, ఒంట్లో బాగుంది, లోపల పెట్టే కరెంటు అంటే భయం, ఇంట్లో మిర్చి కోతలు. ఏడాది తిరక్కుండానే ఆమెను మళ్లీ అదే ఓపీ వరసలో చక్రాల కుర్చీలో చూశాను.

అందుకే ఇది రాస్తున్నాను. మీకో, మీ అమ్మకో, అత్తగారికో, అక్కకో ఈ వైద్యం మొదలవబోతుంటే ఏ రోజు ఏం చేయాలి, ఎవరిని ఏం అడగాలి, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు అన్నది అమ్మ వెంట తిరిగి నేర్చుకున్నంత వరకూ చెప్తాను. డాక్టరు చెప్పిన మాటకీ నేను రాసినదానికీ ఎక్కడైనా తేడా వస్తే డాక్టరు మాటే వినండి. వాళ్ల ముందు మీ స్కాను ఉంటుంది, నా ముందు లేదు.

ముందుగా: ఆపరేషన్ చేసేయమని పట్టుబట్టకండి

మన ఇళ్లల్లో మొదట వచ్చే మాట ఒకటే: "ఆ సంచి తీసి పారేస్తే పోతుంది కదా, ఈ కరెంటు బాధ ఎందుకు?" గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలో బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెప్తున్నాయి. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పి అని, ముక్క పరీక్ష కూడా చేయకుండా సంచి తీసేస్తారు. అందులో క్యాన్సర్ ఉందని ఆ తర్వాత తెలుస్తుంది. అప్పుడు వైద్యం ఇంకా చిక్కవుతుంది.

జబ్బు ముఖద్వారం దాటి చుట్టుపక్కల కణజాలంలోకి పాకితే, అంటే రెండో స్టేజీలో బి నుంచి నాలుగో స్టేజీలో ఏ దాకా, ప్రపంచమంతా చేసే వైద్యం కరెంటే: ముందు మిషన్‌తో బయటినుంచి, తర్వాత గొట్టాలు పెట్టి లోపలినుంచి. దానితోపాటు వారానికోసారి కీమో. ఇది ఆపరేషన్‌కి పనికిరాని వాళ్లకిచ్చే రెండో రకం వైద్యం కాదు. ఆ స్టేజీల్లో నయం చేసే అసలు వైద్యం ఇదే.

డాక్టరు దగ్గర ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు ఫైలు వెనక రాసుకోండి. ఏ స్టేజీ? బయటి కరెంటు ఎన్ని సిట్టింగులు? లోపలి కరెంటు ఎన్నిసార్లు, ఎక్కడ? కీమో ఉందా? మొత్తం ఏ తారీఖుకి పూర్తవుతుంది? ఆఖరి ప్రశ్న ఎవరూ అడగరు. మీరు అడగండి.

వయసులో ఉన్న అమ్మాయి అయితే ఇంకో మాట కూడా మొదట్లోనే మాట్లాడాలి. ఈ కరెంటు తర్వాత అండాశయాలు పనిచేయడం ఆగిపోతుంది, గర్భసంచి బిడ్డను మోయలేదు. అండాశయాలను కరెంటు తగలని చోటికి పైకి జరిపి కుట్టే పద్ధతి ఉంది, అండాలు తీసి దాచే పద్ధతి ఉంది. అందరికీ కుదరకపోవచ్చు. కుదిరేదేదైనా మొదటి సిట్టింగ్ కంటే ముందే జరగాలి.

కరెంటు అనే పేరు విని షాకు కొడుతుందని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. మన వైపు రేడియేషన్‌ని కరెంటు అనడం అలవాటు, అంతే. ఇవి ఎక్స్‌రే లాంటి కిరణాలే, శక్తి మాత్రం చాలా ఎక్కువ. కణాల్లోని డీఎన్‌ఏని తెంపుతాయి. మంచి కణాలు మర్నాటికి చాలావరకు బాగుచేసుకుంటాయి, క్యాన్సర్ కణాలు అంత బాగా చేసుకోలేవు. అందుకే ఒకేసారి కాకుండా రోజుకి కొంచెం కొంచెం పెడతారు.

ఆసుపత్రి, గది, కాగితాలు

వైద్యం దాదాపు రెండు నెలలు, అందులో బయటి కరెంటు నడిచినన్నాళ్లూ సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వెళ్లాలి. కాబట్టి పేరుమోసిన ఆసుపత్రి కంటే రోజూ చేరగలిగే ఆసుపత్రి మేలు. ఒక్క షరతు: అక్కడ బయటి కరెంటుతో పాటు లోపలి కరెంటు మిషన్ కూడా ఉండాలి. లేకపోతే ఎక్కడికి పంపుతారో, ఏ తారీఖుకి చోటు ఇస్తారో మొదటి వారంలోనే తేల్చుకోండి. పాతిక సిట్టింగులు అయ్యాక వెతకడం మొదలుపెడితే మూడు వారాలు ఊరికే పోతాయి.

ప్రభుత్వం వైపు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద కరెంటు వైద్యం కూడా వస్తుంది. తెలంగాణలో ఈ ఉచిత వైద్యం పరిమితిని 2023 డిసెంబర్‌లో ఏడాదికి 10 లక్షల రూపాయలు చేశారు. కార్డు, ఆధార్, ముక్క పరీక్ష రిపోర్టు తీసుకుని నేరుగా ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లండి. అనుమతి వచ్చాకే సిట్టింగులు మొదలవుతాయి కాబట్టి ఇది మొదటి రోజు పని. లోపలి కరెంటుకి విడిగా అనుమతి కావాలా అని అప్పుడే అడగండి.

రైల్లో వెళ్లేవాళ్లకి స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ క్యాన్సర్ రోగికి నూటికి నూరు శాతం రాయితీ, వెంట వెళ్లే తోడు మనిషికి 75 శాతం. ఆసుపత్రి ఇచ్చే రాయితీ ఫారం మీద డాక్టరు సంతకం చేయించి స్టేషన్ కౌంటర్‌లో ఇస్తే చాలు.

మిషన్ గురించి ఎక్కువ ఆలోచించకండి. "కోబాల్ట్ పాతది, లీనియర్ యాక్సిలరేటర్ కొత్తది, కొత్తదైతేనే తగ్గుతుంది" అని బెంచీ మీద అందరూ అంటారు. జబ్బు తగ్గించడంలో కంటే పేగుల్ని కాపాడటంలో తేడా కనిపిస్తుంది. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు ఆపరేషన్ తర్వాత కరెంటు పెట్టించుకున్న 300 మంది ఆడవాళ్ల మీద చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, కిరణాల్ని అవయవాల చుట్టూ మలిచే కొత్త పద్ధతిలో తర్వాత వచ్చే పేగు ఇబ్బందులు సుమారు సగానికి తగ్గాయి. జబ్బు తిరగబెట్టడంలో మాత్రం తేడా రాలేదు. కొత్త పద్ధతి దొరికితే తీసుకోండి. దానికోసం రెండు నెలలు ఆగాల్సి వస్తే మాత్రం ఆగకండి.

మొదలుపెట్టేముందు రక్తం చూస్తారు. నెలల తరబడి బ్లీడింగ్ అయినవాళ్లకి హిమోగ్లోబిన్ ఆరూ ఏడూ ఉంటుంది. రక్తం తక్కువైతే గడ్డకి ప్రాణవాయువు అందదు, ప్రాణవాయువు లేని చోట కిరణాలు సరిగ్గా పనిచేయవు. చాలాచోట్ల 10 గ్రాములకి తగ్గకుండా చూసుకుంటారు. కాబట్టి రక్తం ఇవ్వగల ఇద్దరు ముగ్గురు బంధువుల్ని ముందే సిద్ధం చేసుకోండి. చుట్ట తాగే అలవాటుంటే మానిపించండి. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దవాళ్లకి ఇది కష్టమైన మాటే. కానీ పొగ తాగేవాళ్లలో కరెంటు ఫలితం తగ్గుతుంది, పేగు దెబ్బ పెరుగుతుంది. ఆ రెండు నెలలైనా మానాలి.

ప్లానింగ్ స్కాన్, నీళ్ల సీసా

మొదటి సిట్టింగ్‌కి కొన్ని రోజుల ముందు ప్లానింగ్ స్కాన్ తీస్తారు. పడుకునే తీరు అప్పుడే ఖాయమవుతుంది. పొట్ట మీద, రెండు పక్కలా గుర్తులు పెడతారు. కొన్నిచోట్ల సిరాతో, కొన్నిచోట్ల ఆవగింజంత నీలం పచ్చబొట్టు. సిరా గుర్తుల్ని సబ్బుతో రుద్దకండి. చెరిగిపోతే మీరే పెన్నుతో దిద్దకండి, టెక్నీషియన్‌కి చెప్పండి.

ఇక నీళ్ల సంగతి. మామూలుగా ఇలా ఉంటుంది: ముందు మూత్రం మొత్తం పోసేయాలి, తర్వాత అర లీటరు నీళ్లు గటగటా తాగాలి, ఆపైన అరగంట నుంచి ముప్పావు గంట మూత్రానికి వెళ్లకుండా ఆగాలి. కొలత, సమయం ఆసుపత్రిని బట్టి మారతాయి. మీకు చెప్పిందే పాటించండి. మూత్రసంచి నిండితే పేగుల్ని పైకి నెట్టి కిరణాల దారిలోంచి తప్పిస్తుంది. స్కాన్ రోజు ఎంత నిండిందో ప్రతి సిట్టింగ్‌లోనూ అంతే నిండాలి. లేకపోతే గర్భసంచి ముందుకో వెనక్కో కదిలిపోతుంది, గురి తప్పుతుంది. విరేచనం కూడా పొద్దున్నే అయిపోయి ఉండాలి. మలబద్ధకం ఉంటే మొహమాటపడకుండా చెప్పండి, దానికి మందు ఇస్తారు.

అమ్మకి చదువు రాదు, మిల్లీలీటర్లు తెలియవు. అందుకని లీటరు సీసాకి సరిగ్గా సగం దగ్గర ఎర్రదారం కట్టాను. నీళ్లు నెత్తిదాకా నింపుకుని, దారం దాకా తాగేది. తాగిన టైము నేను చేతిమీద పెన్నుతో రాసుకునేదాన్ని. మిషన్ ఆలస్యమైన రోజుల్లో ఆపుకోలేక నరకం చూసేది. అలాంటప్పుడు ఆపుకుని కూర్చోవద్దు, లోపలికి వెళ్లి చెప్పాలి: "నీళ్లు తాగి గంటయింది, పోసేసి మళ్లీ తాగమంటారా?" వాళ్లు చెప్పినట్టు చేయాలి. చెప్పకుండా వెళ్లి వచ్చి బల్ల మీద పడుకోవడం మాత్రం తప్పు. మేము ఒకసారి ఆ తప్పు చేశాం, స్కాన్‌లో దొరికిపోయి మళ్లీ మొదటినుంచి నీళ్లు తాగించారు.

రోజువారీ సిట్టింగ్

బల్ల మీద పడుకోబెట్టి, గుర్తులు సరిచూసి, అందరూ బయటికి వెళ్లిపోతారు. తలుపు మూసుకుంటుంది. కెమెరాలో చూస్తూనే ఉంటారు, చెయ్యి ఎత్తితే మిషన్ ఆపుతారు. పది పదిహేను నిమిషాలు. నొప్పి ఉండదు, వేడి తగలదు, వాసన రాదు. కదలకుండా మామూలుగా ఊపిరి పీల్చుకుంటే చాలు.

ఇంటికొచ్చాక మనవడిని ఎత్తుకోవచ్చు, అందరితో కలిసి అన్నం తినవచ్చు, పక్కన పడుకోవచ్చు. బయటి మిషన్‌తో పెట్టిన కరెంటు ఒంట్లో మిగలదు. ఇది అంటుకునే జబ్బూ కాదు. మా బంధువుల్లో ఒకరు అమ్మకి విడిగా కంచం, గ్లాసు పెట్టారు. అమ్మ ఏమీ అనలేదు గాని ఆ పూట అన్నం తినలేదు. మీ ఇంట్లో అలా జరగనివ్వకండి.

నెత్తిమీద జుట్టు ఈ కరెంటుకి ఊడదు. కరెంటు తగిలిన చోట వెంట్రుకలు మాత్రం ఊడతాయి.

వారానికోసారి కీమో

సాధారణంగా సిస్‌ప్లాటిన్ అనే మందు, వారానికోసారి, అయిదారు వారాలు. "కరెంటు చాలదా, మళ్లీ ఇదెందుకు" అనుకుంటారు. టాటా మెమోరియల్‌లోనే, మూడో స్టేజీ బి ఉన్న 850 మంది మీద చేసిన పరిశీలన 2018లో వచ్చింది. కరెంటు ఒక్కటే పెట్టినవాళ్లలో అయిదేళ్లకి 100కి 46 మంది బతికి ఉంటే, ఈ మందు కూడా ఇచ్చినవాళ్లలో 54 మంది ఉన్నారు. ఆ ఎనిమిది మందిలో మనమూ ఉండొచ్చు.

ఈ మందు మూత్రపిండాల మీద పడుతుంది. అందుకే ముందూ వెనకా సెలైన్ ఎక్కిస్తారు. ఆ రోజూ మర్నాడూ నీళ్లు బాగా తాగించండి. మూత్రం తగ్గినా, చెవుల్లో గుయ్‌మన్నా, నీళ్లు కూడా ఇమడకుండా వాంతులైనా వెంటనే చెప్పాలి. ప్రతి వారం రక్తపరీక్ష చూశాకే తర్వాతి డోసు. జ్వరం 100.4 దాటితే మెడికల్ షాపు మాత్ర వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. తెల్లకణాలు పడిపోయి ఉంటే ఆ ఒక్క రాత్రే ప్రమాదం. అర్ధరాత్రయినా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

రక్తకణాలు తగ్గి కీమో ఒక వారం ఆపినా కరెంటు ఆపాల్సిన పని చాలాసార్లు ఉండదు. కీమో లేదన్నారు కదా అని ఆ రోజు సిట్టింగ్‌కి కూడా వెళ్లకుండా ఇంట్లో ఉండిపోయేవాళ్లను చూశాను. అడిగి తేల్చుకోండి.

తిండి: పత్యం పేరుతో ఎండబెట్టకండి

రెండో వారం చివర, మూడో వారంలో విరేచనాలు మొదలవుతాయి. పేగు లోపలి పొర పలచబడుతుంది కాబట్టి చాలామందికి అవుతాయి. ఇక్కడే మన ఇళ్లల్లో పెద్ద పొరపాటు జరుగుతుంది. పత్యం అని చెప్పి చారూ అన్నమే పెడతారు, గుడ్డు వేడి అంటారు, మాంసం వద్దంటారు, పెరుగు చలువ అంటారు. మనిషి నెలకి ఆరేడు కిలోలు తగ్గిపోతుంది. బరువు తగ్గితే ఒంటి కొలతలు మారి, పెట్టిన గుర్తులు కూడా సరిపోకుండా పోతాయి.

పీచు ఎక్కువున్నవి, కారం, నూనె తగ్గించాలి, అంతే. మెత్తగా వండిన తెల్లన్నం, పెసరపప్పు కట్టు, ఇడ్లీ, సగ్గుబియ్యం జావ, పెరుగన్నం, పలచటి మజ్జిగలో ఉప్పు, అరటిపండు, ఉడికించిన బంగాళాదుంప, ఉడికించిన గుడ్డు, కారం లేని చేపో కోడికూరో. ఆకుకూరలు, గోంగూర పచ్చడి, ఆవకాయ, పచ్చి ఉల్లి, శనగపిండి వంటకాలు, మొలకలు, రాగిజావ ఈ రెండు నెలలు పక్కన పెట్టండి. ఇంకెప్పుడైనా ఇవి మంచివే. పాలు తాగితే విరేచనం ఎక్కువవుతోందని గమనిస్తే పాలు మాని పెరుగు పెట్టండి. షుగరు ఉన్నవాళ్లయితే ఆసుపత్రి డైటీషియన్‌ని అడిగి మార్చుకోండి.

రోజుకి ఎన్నిసార్లు వెళ్లిందీ లెక్క రాయండి. మామూలు కంటే నాలుగుసార్లు ఎక్కువైనా, రక్తం పడినా, లేస్తే కళ్లు తిరుగుతున్నా చెప్పండి. ఓఆర్‌ఎస్ సీసా పక్కనే ఉండాలి. విరేచనాలు ఆగే మాత్ర డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే. నాటుమందులు, ఆకుపసర్లు, బూడిద కట్టడాలు ఈ మధ్యలో వద్దు. అవి కీమో మందుతో కలిసి మూత్రపిండాల్ని, కాలేయాన్ని దెబ్బతీయొచ్చు.

చర్మం సంగతి ఆడవాళ్లు నోరు విప్పి చెప్పరు. తొడల మధ్య, పిరుదుల సందున చర్మం నల్లబడి, ఒరుసుకుని, మంట పుడుతుంది. వదులు నూలు లంగా, నైటీ వేసుకోండి. గోరువెచ్చని నీళ్లతో కడుక్కుని, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దుకోండి. పౌడరు, పసుపు, డెట్టాల్, షేవింగ్ వద్దు. కొబ్బరినూనె అయినా అడిగి రాయండి, సిట్టింగ్‌కి ముందు మాత్రం రాయకండి. మూత్రంలో మంట ఉంటే నీళ్లు తాగడం తగ్గించకూడదు, పెంచాలి. చీమూ వాసనా ఉంటే పరీక్ష చేస్తారు.

రోజుల లెక్క

వంటగది గోడ మీద క్యాలెండర్ పెట్టి మొదటి సిట్టింగ్ రోజుకి 1 అని వేయండి. అక్కడినుంచి ఆదివారాలతో సహా రోజులు లెక్కపెట్టుకుంటూ 56 దగ్గర ఎర్రగా గుండ్రం చుట్టండి. బయటిదీ లోపలిదీ కలిపి ఆ గుండ్రం లోపల అయిపోవాలి. వైద్యం నడుస్తున్నప్పుడు మధ్యలో ఆపితే మిగిలిన క్యాన్సర్ కణాలు మామూలు కంటే వేగంగా పెరుగుతాయి. ఆ గడువు దాటిన ప్రతి రోజుకీ జబ్బు అదుపులో ఉండే అవకాశం సుమారు అర నుంచి ఒక శాతం తగ్గుతుందని ఎన్నో ఏళ్ల లెక్కలు చూపిస్తున్నాయి. సంక్రాంతికి ఊరెళ్లి వారం ఉండి వస్తే ఏమవుతుందో మీరే వేసుకోండి.

మన తప్పు లేకుండా కూడా రోజులు పోతాయి. మాకు మిషన్ చెడిపోయి మూడు రోజులు పోయాయి. ఎవరూ ఏమీ చెప్పలేదు, "రేపు రండి" అన్నారు మూడు రోజులూ. నాలుగో రోజు నేను డాక్టరుగారి గది ముందు నిలబడి, "సార్, పోయిన మూడు ఎలా పూడుస్తారు?" అని అడిగాను. అప్పుడు ఆయన కిరణాల మోతాదు లెక్కవేసే ఫిజిసిస్ట్‌ని పిలిపించి, రెండు శనివారాలు వేసి, ఇంకో రోజు పొద్దున ఒకటి, ఆరు గంటలు గడిచాక సాయంత్రం ఒకటి పెట్టించారు. ఇలా పూడ్చే పద్ధతులు ఉన్నాయి. అడగనివాళ్లకి ఆ రోజులు చివరికి నెట్టేస్తారు. మర్యాదగా అడగండి, కానీ తప్పకుండా అడగండి.

లోపలి కరెంటు

అందరూ భయపడేది దీనికే, అందరూ ఎగ్గొట్టేదీ దీన్నే. కొంచెం వివరంగా చెప్తాను.

బయటినుంచి పెట్టే మోతాదు 45 నుంచి 50 గ్రే. గ్రే అంటే కిరణాల కొలత. ముఖద్వారంలో గడ్డ పూర్తిగా చావాలంటే మొత్తం 80, 85 దాకా చేరాలి. ఆ మిగతాదంతా బయటినుంచే పెడితే పేగులు, మూత్రసంచి, మలద్వారం తట్టుకోలేవు. అందుకే కిరణాలిచ్చే గింజని గడ్డ దగ్గరికే తీసుకెళ్తారు. దగ్గర్లో మోతాదు చాలా ఎక్కువ ఉంటుంది, కొన్ని సెంటీమీటర్లు జరిగేసరికి బాగా పడిపోతుంది. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. క్యూరీ దంపతులు రేడియం కనిపెట్టింది 1898లో అయితే, 1903 నాటికే అమెరికాలో మార్గరెట్ క్లీవ్స్ అనే డాక్టరమ్మ ఈ జబ్బుకి రేడియం లోపల పెట్టి వైద్యం చేసింది. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఇరిడియం. ఆ గింజ బియ్యపు గింజ కన్నా చిన్నది.

అంటే పాతిక అయ్యాక వెళ్లిపోయిన మనిషి సగం దారికి కాస్త అవతల ఆగిపోయినట్టు. బ్లీడింగ్ ఆగింది గడ్డ పైపొర ఎండిపోవడం వల్ల. గడ్డ లోపల ఇంకా ఉంది.

ఎన్నిసార్లన్నది ఆసుపత్రిని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల వారానికోసారి మూడు నాలుగు, కొన్నిచోట్ల ఎక్కువ మోతాదుతో రెండే. ముందు రోజు రాత్రి తేలిక భోజనం, పొద్దున ఖాళీ కడుపు, ఎనీమా. ఆపరేషన్ గదిలో నడుముకి మత్తు ఇచ్చి, లేదా నిద్రమత్తు ఇచ్చి, మూత్రానికి గొట్టం వేసి, గర్భసంచిలోకి ఒక సన్నని లోహపు గొట్టం, ముఖద్వారం పక్కన ఇంకో రెండు గొట్టాలు అమర్చి, కదలకుండా గాజుగుడ్డ కూరుతారు. తర్వాత స్కాన్. ఆ స్కాన్ చూసి ఫిజిసిస్టు లెక్క వేసేదాకా ఒకటి రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. ఈ భాగమే కష్టం. నడుం లాగుతుంది, గుడ్డ ఒత్తిడికి విరేచనం వస్తున్నట్టే ఉంటుంది. నొప్పి ఉంటే ఓర్చుకోవద్దు, చెప్పాలి, సూది ఇస్తారు. మొదటిసారి అమ్మ పళ్ల బిగువున పడుకుంది. "కాన్పులప్పుడే అరవలేదు, ఇప్పుడేం అరుస్తా" అంది తర్వాత. రెండోసారి నేను ముందే సిస్టర్‌కి చెప్పి నొప్పి మందు వేయించాను. ఆ తేడా అమ్మ మొహంలో తెలిసింది.

కరెంటు పెట్టేది మాత్రం పది పదిహేను నిమిషాలే. మిషన్‌లోంచి తీగ చివరన ఉన్న గింజ గొట్టాల్లోకి వెళ్లి, లెక్క ప్రకారం ఆగి, వెనక్కి వచ్చేస్తుంది. గొట్టాలు తీసేస్తారు. ఒంట్లో ఏమీ మిగలదు. చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్తారు. ఆ రోజూ మర్నాడూ కాస్త రక్తం, నీళ్లలాంటి డిశ్చార్జ్ మామూలే. ప్యాడ్ నిండిపోయేంత రక్తం, చలిజ్వరం మామూలు కాదు.

ఆపరేషన్‌లో గర్భసంచి తీసేసినవాళ్లకి ఇంత ఉండదు. వేలులాంటి నున్నని గొట్టం ఒకటి యోనిలో పెడతారు, మత్తు అవసరం కూడా చాలాసార్లు ఉండదు.

తోడుగా ఆడమనిషి ఉంటే మంచిది. లోపలికి రానివ్వరు గాని, బయటికి రాగానే చెయ్యి పట్టుకోవడానికి ఒకరు కావాలి.

అయిపోయాక, ఎవరూ చెప్పని పని

చివరి సిట్టింగ్ అయ్యాక కూడా రెండు మూడు వారాలు నీరసం, విరేచనాలు ఉంటాయి, మెల్లగా తగ్గుతాయి. ఆ తర్వాత మొదలవ్వాల్సిన పని ఒకటుంది. యోని లోపల గోడలు అతుక్కుపోయి, సన్నబడి, కుంచించుకుపోతాయి. అలా కాకుండా డైలేటర్ అనే నున్నటి గొట్టం ఇస్తారు. ఇవ్వకపోతే అడగండి. డాక్టరు సరేనన్నాక, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకి మొదలుపెట్టి, వారానికి రెండు మూడుసార్లు, నీటితో చేసిన జెల్ రాసి, మోకాళ్లు మడిచి పడుకుని నెమ్మదిగా పెట్టుకుని, అయిదు పది నిమిషాలు ఉంచి, తీసి కడగాలి. కొంచెం ఎర్రమరక పడితే భయం లేదు. ఇది నెలల తరబడి చేయాలి. భర్త లేని పెద్దామెకి కూడా అవసరమే, ఎందుకంటే దారి మూసుకుపోతే డాక్టరు లోపల చూసి పరీక్ష చేయలేరు. అమ్మకి ఈ మాట చెప్పడానికి నేను రెండు రోజులు తటపటాయించాను. చివరికి సిస్టర్‌గారే తలుపేసి, బొమ్మ చూపించి, పది నిమిషాల్లో చెప్పేశారు. మీరూ సిస్టర్ సాయం అడగండి.

భార్యాభర్తలు కలవచ్చా? నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత, డాక్టరు చూసి సరే అన్నాక కలవచ్చు. భర్తకి క్యాన్సర్ అంటదు, కరెంటూ అంటదు. నొప్పి ఉంటే జెల్ వాడండి, తొందరపడకండి. ఈ సంగతి ఓపీలో మగవాళ్లని కూడా కూర్చోబెట్టి చెప్పాలి. మాట్లాడుకోకపోవడం వల్ల దూరమైన జంటలు ఉన్నాయి.

నలభై లోపు వాళ్లకి ముట్టు ఒక్కసారిగా ఆగిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, చిరాకు. ఎముకలు కూడా పలచబడతాయి. హార్మోన్ మాత్రలు తమకి పనికొస్తాయా అని అడగడానికి సిగ్గుపడొద్దు.

చెకప్‌లు మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, తర్వాత అయిదేళ్లదాకా ఆరు నెలలకోసారి. జబ్బు ఎంత తగ్గిందో చూసే స్కాన్ సాధారణంగా మూడు నెలలకి తీస్తారు. అంతకన్నా ముందే తీయమని అడగకండి, కరెంటు వాపు కూడా జబ్బులాగే కనిపిస్తుంది.

ఆర్నెల్లకో, రెండేళ్లకో, ఇంకా తర్వాతో విరేచనంలోనో మూత్రంలోనో రక్తం పడొచ్చు. ఒక కాలు వాయొచ్చు. తుంటి నొప్పి రావచ్చు. ప్రతిదీ క్యాన్సర్ తిరగబెట్టడం కాదు, కానీ ప్రతిదీ చూపించాల్సిందే. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. రక్తం పడుతోందని ఊళ్లో వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన మలద్వారం లోపలినుంచి ముక్క తీయబోతే, "నాకు పొత్తికడుపుకి కరెంటు పెట్టారు" అని మొదటి మాటగా చెప్పాలి. కరెంటు తగిలిన చోట ముక్క తీస్తే ఆ పుండు మానకుండా రంధ్రం పడే ప్రమాదం ఉంది. ముందు మీ రేడియేషన్ డాక్టరుతో మాట్లాడమనండి.

అందుకే చివరి రోజున డిశ్చార్జ్ సమ్మరీ చేతికొచ్చాకే ఆసుపత్రి గేటు దాటండి. బయటిది ఎన్ని గ్రే, ఎన్ని సిట్టింగులు, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, లోపలిది ఎన్నిసార్లు ఎంత మోతాదు, కీమో ఎన్ని డోసులు అన్నవి అందులో ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. మూడు జిరాక్సులు తీయించి ఒకటి ఇంట్లో, ఒకటి కూతురి దగ్గర, ఒకటి ఆమె చేతిసంచిలో పెట్టండి. ఫోన్‌లో ఫోటో కూడా తీసుకోండి. మా అమ్మ తన జిరాక్సును ప్లాస్టిక్ కవర్లో వేసి, ఆధార్ కార్డు పక్కనే పెట్టుకుంటుంది.